ఎనిమిది రోజుల్లో ఫ్రాన్స్ అంతా తిరిగేస్తారా?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో మోటార్‌హోమ్‌లో, అంటే పడకలు, వంటగది ఉన్న బండిలో, ఫ్రాన్స్ యాత్ర గురించి ఒక వ్యాసం వచ్చింది. పారిస్‌లో బండి అద్దెకు తీసుకుని, మోంట్ సెయింట్ మిషెల్‌లో సముద్రం ఒడ్డున రాతిగుట్ట మీదున్న మఠం చూసి, నీస్ వెళ్లి మధ్యధరా సముద్రంలో స్నానం చేసి, ఆల్ప్స్‌ పర్వతాల్లోని షామొనీలో మంచుకొండలు ఎక్కి, ఎనిమిదో రోజు సాయంత్రానికల్లా మళ్లీ పారిస్ చేరుకోవాలట. ఫొటోలు చాలా బాగున్నాయి. ఆ రూటు వేసినవారు మాత్రం ఆ బండి స్టీరింగ్ ఒక్కరోజైనా పట్టి ఉండరని నా గట్టి నమ్మకం.

నేను ఆర్టీసీ ట్రాఫిక్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఎక్కడ నైట్ హాల్ట్ చేయాలి, ఏ డ్రైవరుకు ఎన్ని గంటల స్టీరింగ్ పడుతుంది అని చార్టులు వేయడమే నా ఉద్యోగం. రిటైరైనా చెయ్యి ఊరుకోదు కదా, మీ వ్యాసంలోని రూటును కాగితం మీద వేసి చూశాను. పారిస్ నుంచి మోంట్ సెయింట్ మిషెల్ 360 కిలోమీటర్లు. అక్కడి నుంచి నీస్ అంటే దేశాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు దాటాలి. నీస్ నుంచి ఆల్ప్స్, ఆల్ప్స్ నుంచి పారిస్ కూడా కలిపితే రెండున్నర వేల కిలోమీటర్లు దాటుతుంది. మోటార్‌హోమ్ మూడున్నర టన్నుల బండి, కారులా దూసుకుపోదు. రెండువైపులా వాహనాలు నడిచే మామూలు రోడ్ల మీద ఫ్రాన్స్‌లో చాలాచోట్ల గరిష్ఠ వేగం 80. మోటార్‌వే మీద 130 అని బోర్డున్నా ఆ ఎత్తు బండి గాలికి ఊగుతుంది, వంద దాటించబుద్ధి కాదు. ఎలా చూసినా ముప్పై అయిదు గంటల స్టీరింగ్ తేలుతుంది. డ్రైవరేమో ఒక్కడే. పైగా సాయంత్రం నీళ్లు పట్టాల్సిందీ, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయాల్సిందీ అతనే. అలాంటి చార్టు నేను వేసి ఉంటే యూనియన్ వాళ్లు తెల్లారేసరికి డిపో గేటు ముందు కూర్చునేవాళ్లు.

ఆ వ్యాసం చదివి మన పిల్లలు ఎవరైనా నిజంగానే బయలుదేరతారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్‌లలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో ఇంటికొకరు ఉన్నారు. అమ్మానాన్నలకు ఏదైనా చూపించాలని పిల్లలకూ ఉంటుంది. నలుగురైదుగురికి హోటల్ గదులు, రెస్టారెంటు తిండి లెక్కేసుకుంటే మోటార్‌హోమ్ నయమనిపిస్తుంది. అన్నం వండుకోవచ్చు, మధ్యాహ్నం పెద్దవాళ్లు నడుం వాల్చవచ్చు. అదంతా నిజమే. ఎటు వెళ్లాలన్న దగ్గరే తేడా వస్తుంది.

మొన్న మే నెలలో మా ఇంట్లోనూ ఇదే చర్చ జరిగింది. మా అబ్బాయి ఇంగ్లండ్‌లో కెంట్ జిల్లాలో ఉంటాడు. సెలవు దొరికింది వారం. కోడలికి నీస్ సముద్రం చూడాలని, మనవడికి డిస్నీల్యాండ్ వెళ్లాలని, మా ఆవిడకు ఈఫిల్ టవర్ ఎక్కాలని. అబ్బాయికైతే ఆల్ప్స్‌లో బండి నడపాలని కోరిక. నేను అందరినీ కూర్చోబెట్టి ఒకటే అడిగాను. రోజుకు రెండు గంటలు, మహా అయితే రెండున్నర గంటలు స్టీరింగ్. ఆ లెక్కలో ఏమేం వస్తాయో మ్యాపు మీద గీయండి అన్నాను.

నీస్ ముందే ఎగిరిపోయింది. ఇంగ్లండ్‌కు ఎదురుగా ఫ్రాన్స్ ఒడ్డునున్న కాలే రేవు నుంచి 1,200 కిలోమీటర్లు. అంత దూరం పోయినా ఆ తీరంలో పెద్ద బండికి చోటు దొరకడం కష్టం. బీచ్ దగ్గరి పార్కింగులకు రెండు మీటర్ల ఎత్తులో ఇనుప కడ్డీ అడ్డం పెడతారు, మన బండేమో మూడు మీటర్లకు కాస్త తక్కువ. ఆల్ప్స్ సంగతికొస్తే, గలిబియే లాంటి 2,600 మీటర్లు దాటిన కనుమలు మంచు తీసి తెరిచేసరికి మే చివరో జూనో అవుతుంది. పైగా తిరుమల ఘాట్‌లో డ్యూటీ వేయాలంటే మన దగ్గర డ్రైవరుకు విడిగా శిక్షణ ఇస్తాం. అలాంటిది అద్దె బండితో, అలవాటు లేని చేతితో, కుటుంబాన్ని ఎక్కించుకుని తొలిసారే కొండెక్కుతానంటే నేను ఒప్పుకోలేదు. మావాడు రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు.

పారిస్ వేరే కథ. పారిస్‌కు మోటార్‌హోమ్ అక్కర్లేదు. ఊరి వీధుల్లో చాలావరకు వేగం 30 దాటకూడదని 2021లోనే పెట్టారు. ఊరి చుట్టూ ఉన్న రింగు రోడ్డు మీద కూడా 2024 అక్టోబరు నుంచి 50కి దించారు. ఏడు మీటర్ల బండిని ఆ ట్రాఫిక్‌లోకి దింపడం, పార్కింగ్ కోసం తిరగడం కొని తెచ్చుకున్న టెన్షన్. లండన్ నుంచి రైలెక్కితే రెండున్నర గంటల్లో నగరం నడిబొడ్డున దిగుతాం. ఈఫిల్ టవరుకు విడిగా ఒక శనివారం చాలని మా ఆవిడకు నచ్చజెప్పాను. మనవడి డిస్నీల్యాండ్ కూడా అదే ఖాతాలో వేశాను.

ఇక మిగిలింది కాలే చుట్టుపక్కల. ఇంగ్లండ్ నుంచి వచ్చేవాళ్లంతా సముద్రం కింది రైలు సొరంగం దాటగానే దక్షిణానికి పరిగెత్తుతారు, ఆ రేవు పక్కనే ఏముందో చూడరు. ఫోక్‌స్టోన్‌లో బండితో సహా రైలెక్కితే 35 నిమిషాల్లో ఫ్రాన్స్. దిగాక అరగంట కూడా పోకుండానే కాప్ బ్లాన్ నే కొండకొన. సముద్రం మీదికి నిలువుగా దిగే తెల్ల సున్నపురాయి గుట్ట అది. ఎండ కాస్తే అవతలి ఒడ్డున ఇంగ్లండ్ తెల్లగుట్టలు కనిపిస్తాయి. మా మొదటి నైట్ హాల్ట్ ఆ దగ్గరే. రాత్రంతా గాలి బండిని ఊపుతూనే ఉంది. మా ఆవిడ రెండుసార్లు లేచి హ్యాండ్ బ్రేకు వేశాడా లేదా అని అబ్బాయిని అడిగింది.

రెండో రోజు తూర్పుకు తిరిగి న్యూవ్ షాపెల్ వెళ్లాం. గంటన్నర దారి. ఈ పేరు మన తెలుగువాళ్లలో ఎంతమంది విన్నారో గానీ, ఫ్రాన్స్‌కు వచ్చిన భారతీయుడెవరైనా చూడాల్సిన చోటు నన్నడిగితే ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సైనికులు 1914 సెప్టెంబరులో మార్సెయి రేవులో దిగి, చలికాలపు బట్టలు కూడా సరిగా లేకుండా ఈ ఉత్తరపు బురదలోకి వచ్చారు. 1915 మార్చిలో ఈ ఊరి కోసం పెద్ద యుద్ధమే జరిగింది. సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా మనవాళ్ల పేర్లు అక్కడి గోడ మీద చెక్కారు. స్మారకాన్ని హెర్బర్ట్ బేకర్ రూపొందించాడు, 1927లో ఆవిష్కరించారు. మన ఢిల్లీలో సెక్రటేరియట్ కట్టిన ఆయనే.

చుట్టూ దుక్కి దున్నిన చేలు, నాలుగు రోడ్ల కూడలి. ఆ కూడలి పక్కన గుండ్రటి ప్రాకారం, మధ్యలో తామరపువ్వు తలతో పదిహేను మీటర్ల స్తంభం, దానికి రెండు పక్కలా కాపలాగా రాతి పులులు. స్తంభం కింద 'దేవుడొక్కడే, విజయం ఆయనదే' అని ఇంగ్లిష్‌లో చెక్కారు. అదే భావంతో అరబిక్, హిందీ, గురుముఖి లిపుల్లోనూ ఉంది. పేర్లు రెజిమెంటు వారీగా ఉన్నాయి. గఢ్వాలీలు, గూర్ఖాలు, సిక్కులు. మనవడు వేలితో ఒక్కో పేరూ తడుముతూ 'సింగ్, సింగ్, సింగ్' అని చదువుకుంటూ చాలాసేపు గోడ వెంట నడిచాడు. మేం ఉన్నంతసేపూ ఇంకో మనిషి రాలేదు. రోడ్డు మీద బంగాళదుంపల ట్రాక్టర్లు మాత్రం పోతూ వస్తూ ఉన్నాయి.

ఇంకాస్త దక్షిణాన కాంబ్రే దగ్గర విలేర్ గిలాన్ అనే ఊళ్లో భారత ప్రభుత్వం కట్టించిన స్మారకం ఒకటుంది. దాన్ని 2018 నవంబరు 10న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. చూడాలని నాకు చాలా అనిపించింది. కానీ అటు తిరిగితే ఆ రోజు స్టీరింగ్ నాలుగు గంటలు దాటుతుంది. అందరి కోరికలకూ కత్తెర వేసినవాణ్ని నేనే, నా కోరికకు మాత్రం ఓవర్‌టైం ఇప్పిస్తానా?

న్యూవ్ షాపెల్ నుంచి సొమ్ నది సముద్రంలో కలిసే చోటికి, సెయింట్ వాలరీ అనే చిన్న ఊరికి చేరాం. 1066లో నార్మండీ డ్యూక్ విలియం ఇంగ్లండ్‌ను జయించడానికి పడవలెక్కింది ఈ రేవులోనే. ఇప్పుడక్కడ యుద్ధాలేం లేవు. ఆటు వచ్చిందంటే సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోయి ఇసుక తేలుతుంది, ఆ ఇసుక తిన్నెల మీద సీల్ జంతువులు వచ్చి పడుకుంటాయి. నీళ్లు తీసిన గడ్డిలో గొర్రెలు మేస్తాయి. ఖాడీ చుట్టూ బొగ్గు ఇంజను రైలు తిరుగుతుంది. మనవడు డిస్నీల్యాండ్ మరిచిపోయింది ఆ రైలెక్కాకే. మేం బండిని కదిలించకుండా అక్కడే రెండు రాత్రులున్నాం. చిన్న సెలవులో ఒక చోటన్నా రెండు రాత్రులు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. లేకపోతే రోజూ సామాను సర్దడం, గ్యాసు కట్టడం, గిన్నెలు దొర్లకుండా అలమరాలు మూయడం, దీంతోనే సరిపోతుంది.

మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేని సంగతి రాత్రి బస. ఫ్రాన్స్‌లో చాలా చిన్న ఊళ్లకు మోటార్‌హోమ్‌ల కోసమే కేటాయించిన స్థలాలు ఉంటాయి. కొన్ని ఉచితం, కొన్నిచోట్ల కొద్దిపాటి రుసుము. అసలు ఏ వైపు వెళ్లాలో తేల్చుకునేటప్పుడు ఇవి దగ్గరదగ్గరగా ఉన్న ప్రాంతమేదో చూసుకోవాలి. ఒకటి నిండిపోతే పది కిలోమీటర్లలో ఇంకొకటి ఉండాలి. ఇవి కాక 'ఫ్రాన్స్ పాషన్' అని ఒక పద్ధతి ఉంది. ఆ ఏడాది గైడు కొనుక్కుంటే రైతులు, ద్రాక్షతోటల వాళ్లు తమ ఆవరణలో ఒక రాత్రి ఉచితంగా ఆగనిస్తారు. కొనాలన్న నిర్బంధం లేదు. మేం ఆగిన రైతు బంగాళదుంపలు అమ్ముతాడు. ఒక సంచి కొన్నాం. ఆ రాత్రి వేపుడు, మర్నాడు కుర్మా, ఆ మర్నాడు మళ్లీ వేపుడు. మోటార్‌వే పక్కన లారీలు ఆగే చోట మాత్రం రాత్రి పడుకోవద్దు, దొంగతనాల భయం ఉంది. కాలే దగ్గరైతే అసలే వద్దు.

నీళ్లు పట్టే చోటు గురించి కూడా చెప్పాలి. సెయింట్ వాలరీలో పొద్దున్నే నాలుగు బండ్లు వరుసలో ఉన్నాయి. స్తంభంలాంటి మిషన్‌కు రెండు కొళాయిలు. ఒకటి తాగేనీళ్లది, రెండోది టాయిలెట్ డబ్బా కడుక్కునేది. ఆ డబ్బా మన సూట్‌కేసులా చక్రాలతో, పిడితో బండి పక్క తలుపులోంచి బయటికి వస్తుంది. దాదాపు ఇరవై లీటర్లు పడుతుంది, ఐదుగురికి రోజున్నర కంటే రాదు. మావాడు దాన్ని ఈడ్చుకుంటూ వెళ్లి దగ్గరున్న కొళాయి మీద చెయ్యి వేశాడో లేదో, వెనకున్న ముసలాయన 'నో నో నో' అంటూ వచ్చి భుజం పట్టుకుని రెండో కొళాయి వైపు తిప్పాడు. తర్వాత గాలి చొరబడేందుకు ఏ బటన్ నొక్కితే చిందకుండా ఒలుకుతుందో తన చేత్తో చూపించాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఐదు నిమిషాల్లో మావాడు పనివాడైపోయాడు.

తిండి విషయం ఇంకొకటి. ఇంగ్లండ్ నుంచి వెళ్లేవాళ్లు మాంసం, పాల పదార్థాలు ఏవీ యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. 2021 నుంచి ఈ నిబంధన. అంటే నెయ్యి, పెరుగు రెండూ బంద్. పచ్చి కరివేపాకు కూడా అనుమతి పత్రం లేకుండా కుదరదు. ఆవకాయకు, కందిపప్పుకు ఏ అడ్డూ లేదు. మా ఆవిడ కాలేలో వెన్న కొని క్యాంప్‌సైట్‌లో నెయ్యి కాచింది. ఉప్పు వెన్న మీద 'డెమి సెల్' అని ఉంటుంది, అది వద్దు. 'డూ' అని ఉన్నది తీసుకోవాలి. కాగిన నెయ్యి వాసనకు పక్క బండిలో జర్మన్ దంపతులు తలుపు తీసి చూశారు. పొద్దున బేకరీ నుంచి వేడివేడి బాగెట్ తెచ్చి, దాన్ని చీల్చి నెయ్యీ ఆవకాయా రాసుకుని తింటే ఇంక టిఫిన్ అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం కొట్లు చాలావరకు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి.

టోలు దగ్గర ఒక సరదా. ఇంగ్లండ్ బండికి స్టీరింగ్ కుడివైపు, ఫ్రాన్స్ టోల్‌గేట్ మిషన్లు ఎడమవైపు. అందుకని టికెట్ తీసేది పక్క సీట్లో ఉన్న నేను. ఉద్యోగమంతా కండక్టర్ల టికెట్ లెక్కలు తనిఖీ చేసినవాణ్ని, చివరికి కిటికీలోంచి వంగి టికెట్ లాగే డ్యూటీ పడింది. అక్కడ బండి ఎత్తును బట్టి రేటు. రెండు నుంచి మూడు మీటర్ల మధ్య ఉండి మూడున్నర టన్నులు దాటకపోతే రెండో క్లాసు. మూడు మీటర్లు అందుకుందంటే మూడో క్లాసు. మిషన్ పొరపాటున మూడు చూపిస్తే సాయం బటన్ నొక్కి చెప్పుకోవాలి. అద్దెకు తీసుకునేటప్పుడే పైన ఏసీ డబ్బాతో కలిపి ఎత్తెంతో అడిగి, ఒక కాగితం మీద రాసి డ్రైవరు కళ్లముందు అంటించుకోవడం మంచిది. బెర్తులు ఆరున్నా బెల్టు సీట్లు నాలుగే ఉండొచ్చు, అదీ చూసుకోవాలి. మూడున్నర టన్నులంటే మనుషులు, నీళ్లు, బియ్యం బస్తా అన్నీ కలిపి. ఇండియా లైసెన్సుతో నడపాలనుకునేవారు బయలుదేరే ముందే ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. షెంగెన్ వీసాకు ప్రతి రాత్రి ఎక్కడ ఉంటారో చూపించమంటారు కాబట్టి, రద్దు చేసుకునే వీలున్న క్యాంప్‌సైట్ బుకింగులు జతచేస్తే సరిపోతుంది. హైదరాబాద్‌లో నా దరఖాస్తుకు అలాగే పెట్టాను.

అందరూ కాలేకే రావాలని నేననను. ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఉన్న పిల్లలకు అల్సాస్ దగ్గర. మూడు గంటల్లో కోల్మార్ చేరొచ్చు. అక్కడ 170 కిలోమీటర్ల ద్రాక్షతోటల దారి ఉంది, ఊరికీ ఊరికీ మధ్య పది పదిహేను నిమిషాలే. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహాన్ని చెక్కిన బార్తోల్డి పుట్టింది కోల్మార్‌లోనే. తాగని మాలాంటివాళ్లకూ చూడటానికి కొంగల గూళ్లు, చెక్క ఇళ్లు కావలసినన్ని. పారిస్‌లో దిగేవాళ్లకు లువార్ నది లోయ మంచిది. ఆంబ్వాజ్ దాకా 220 కిలోమీటర్లు, అక్కడ లియొనార్డో డా విన్సీ చివరి రోజులు గడిపిన ఇల్లుంది, చుట్టుపక్కల కోటలన్నీ గంట దూరంలోపే. పైగా చదును నేల, కొత్త డ్రైవరుకు చెయ్యి కుదురుతుంది. బ్రిటనీలో మోటార్‌వేలకు టోలు లేదు గానీ, కాలే నుంచి వెళ్లేవాళ్లకు వారం చాలదు. రెండు వారాలు దొరికితే మేమూ అటే. జులై, ఆగస్టు మాత్రం వద్దు. అప్పుడు ఫ్రాన్స్ మొత్తం రోడ్డు మీదే ఉంటుంది.

చివరగా మీకో విన్నపం. ఇకముందు మోటార్‌హోమ్ రూటు ఏది ప్రచురించినా పక్కన చిన్న పెట్టెలో ఏ రోజుకు ఎన్ని గంటల స్టీరింగో, రాత్రి ఆగే ఊరేదో, ఆ దారి ఏ నెలలో తెరిచి ఉంటుందో వేయండి. ఆ చార్టు వేసిపెట్టే మనిషి మీ దగ్గర లేకపోతే కబురు చేయండి. పైసా తీసుకోకుండా వేసిస్తాను.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి,
సూర్యాపేట (ప్రస్తుతం కెంట్, ఇంగ్లండ్)